గీటుకూ గీటుకూ నడుమ

మా చిత్తూరు సీమలో పొలం కొనేవాడు ముందు మట్టి చూడడు, హద్దురాళ్ళు చూస్తాడు. తూర్పున ఫలానావారి మామిడితోట, పడమట వంక, ఉత్తరాన బండిదారి, దక్షిణాన గుట్ట అని నాలుగు దిక్కులూ దస్తావేజులో ఎక్కితేగాని బయానా చేతిలో పెట్టడు. ఆ తరువాత పొలానికి ఒక నెంబరుంటుంది. 214/2 అనో, 96/3 అనో. నెంబరుకూ ఉపనెంబరుకూ నడుమనున్న ఆ వాలుగీటు చూడడానికి చిన్నదే. కాని అది ఒక్క అంకె ఇవతలికి జరిగిందంటే 214/2 కాస్తా 21/42 అయి కూర్చుంటుంది. పొలం మరెవరిదో అవుతుంది.

ఈ వాలుగీటును గురించే నేనివాళ రాయబోతున్నాను. అయితే పొలంలోది కాదు, కంప్యూటరులోది. "తెలుగు ఎం.ఏ. చదివి, కాలేజీలో ప్రబంధాలు చెప్పుకునేదానివి, నీకీ గొడవ ఎందుకమ్మా?" అని మీరడగవచ్చు. మావారు రోజూ అడుగుతూనే ఉన్నారు. కారణం ఉన్నది. చెబుతాను.

పన్నెండు పదమూడేళ్ళుగా నేనూ నా విద్యార్థులూ మా ప్రాంతపు పలుకుబడులు ఏరుకుంటున్నాము. సెలవులు రాగానే పలమనేరు, పుంగనూరు, కుప్పం, నగరి, శ్రీకాళహస్తి వైపు పల్లెలకు పోవడం, అరుగులమీద కూర్చున్న ముసలివాళ్ళను మాటల్లోకి దించడం, విన్న మాటను చీటీమీద రాసుకోవడం, ఇదీ పని. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయపు మాటలది. అది చదివిన తెలుగు మేష్టరుకు ఊరికే కూర్చోబుద్ధి కాదు. మాకు తమిళమూ కన్నడమూ గోడ పక్కనే ఉన్నాయి కాబట్టి మాటలకు కొదువ లేదు. కోస్తావారికి ఆనపకాయ అంటే సొరకాయ. మాకు అనపకాయ అంటే చిక్కుడు జాతి గింజల కాయ. ఆ గింజలు నానబెట్టి పితికితే వచ్చేదే పితికిపప్పు. ఒక్క దీర్ఘం తేడాతో కూరే మారిపోతుంది! మాది మడక, వారిది నాగలి. మాది అంగడి, వారిది కొట్టు.

అన్నిటికంటె చిత్రమైనది 'కసువు'. ఒక ఊళ్ళో కసువంటే పశువులు మేసే గడ్డి. ఇంకొక ఊళ్ళో కసువంటే ఇల్లూడిస్తే వచ్చే చెత్త. రెండూ సరైనవే. అందుచేత మా చీటీమీద మాట ఎంత ముఖ్యమో, చివర కుండలీకరణాలలో ఉండే ఊరిపేరు అంత ముఖ్యం. ఊరు లేని మాండలిక పదం చిరునామా లేని ఉత్తరం వంటిది. ఎక్కడికి చేర్చాలో ఎవరికీ తెలియదు.

చీటీలన్నీ ఒక టైపింగు కేంద్రంలో ఇచ్చి కంప్యూటరులోకి ఎక్కించాము. ఒక్కొక్క చీటీ ఒక్కొక్క పంక్తి. ముందు మాట, తరువాత వాలుగీటు, ఆ తరువాత అర్థం, చివర ఊరు. అది జరిగిన కొద్దికాలానికే 2021 నవంబరు వచ్చింది. తిరుపతిని ముంచెత్తిన ఆ వానలు ఇక్కడివారెవరూ మరిచిపోరు. మా కింది గదిలోకి నీళ్ళు వచ్చి, ట్రంకుపెట్టెలో అడుగున ఉన్న చీటీల కట్టలు ముద్దయిపోయాయి. పైకట్టలు దక్కాయి. పోయిన కట్టలకు టైపు చేసిన ప్రతి ఒక్కటే మిగిలింది. చీటీలు రాయించిన ముసలివాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

ఇక ఆ ఫైలును సాపుచేసే పని నా పాత విద్యార్థి ఒకడు తలకెత్తుకున్నాడు. నా దగ్గర తెలుగు చదువుకొని, తరువాత కంప్యూటరు నేర్చి, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. శనాదివారాలు ఇంటికి వచ్చినప్పుడు మా వరండాలో కూర్చొని పని చేసేవాడు. వాడి పుణ్యమా అని నాకీ విద్య అబ్బింది.

విద్య పేరు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. కుర్రకారు ముద్దుగా రెజెక్స్ అంటారు. పేరు చూసి భయపడకండి. మీ అమ్మాయి పెళ్ళి పిలుపుల జాబితా కంప్యూటరులో ఉన్నదనుకోండి. అందులో ఒక బంధువును ఒకచోట వెంకటేశ్వర్లు అని, ఒకచోట వెంకటేశ్వరులు అని, మరొకచోట వెంకటేశులు అని రాశారు. మూడుసార్లు వెతకడమెందుకు? వెంకటే(శ్వర్లు|శ్వరులు|శులు) అని ఒక పోలిక చెబితే చాలు, మూడింటినీ పట్టుకొస్తుంది. నిలువుగీటు అంటే 'లేదా' అని. చుక్క అంటే ఏ అక్షరమైనా ఒకటి. నక్షత్రం అంటే దాని ముందున్నది ఎన్నిసార్లయినా. ప్రశ్నార్థకం అంటే ముందున్నది ఉంటే ఉండవచ్చు, లేకుంటే మానవచ్చు. మా తెలుగువాళ్ళకు ఈ ప్రశ్నార్థకం ఎంత ఉపకారో చెప్పలేను. వాఁ?డు అని రాస్తే అరసున్న ఉన్న వాఁడూ దొరుకుతాడు, లేని వాడూ దొరుకుతాడు. పాత పుస్తకమూ కొత్త పుస్తకమూ ఒకే చూపుతో గాలించవచ్చు.

దీనికి మూలపురుషుడు క్లీనీ అనే అమెరికను గణితశాస్త్రవేత్త. మెదడులోని నాడుల పనితీరుకు గణితం కట్టబోయి 1951లో ఆయన ఈ పోలికల బీజాలు నాటాడు. ఆ నక్షత్రానికి ఇవాళ్టికీ 'క్లీనీ నక్షత్రం' అనే పేరు. 1968లో కెన్ థాంప్సన్ అనే ఆయన దాన్ని కంప్యూటరులో వెతుకులాటకు వంచాడు. ఆయన రాసిన 'ఈడీ' అనే వ్రాతపనిముట్టులోనే పోలికకు ముందొక వాలుగీటు, వెనకొక వాలుగీటు పెట్టే వాడుక స్థిరపడింది. 'జి, గీటు, పోలిక, గీటు, పి' అని అందులో ఇచ్చే ఆజ్ఞనుంచే గ్రెప్ అనే ప్రసిద్ధమైన పనిముట్టుకు పేరు వచ్చింది. తరువాత 1987లో పెర్ల్ అనే భాష వచ్చి ఈ విద్యను వీధివీధికీ చేర్చింది.

ఆ ముందు వెనుక గీట్లనే డిలిమిటర్లు అంటారు. నేను హద్దురాళ్ళు అంటాను. ఇక్కడినుంచి ఇక్కడిదాకా పోలిక, ఆవల ఉన్నది పోలిక కాదు అని కంప్యూటరుకు చెప్పడమే వాటి పని. రెండో రాయి అవతల ఒకటో రెండో అక్షరాలు అంటిస్తారు. అవి మాడిఫయర్లు. పోలికను ఎలా చదువుకోవాలో అవి చెబుతాయి. వాటికి నేను పెట్టుకున్న పేరు అనుబంధాలు. ఎందుకో తరువాత మనవి చేస్తాను.

సరే, తేదీ వెతకాలి. 18/11/2021. ముందొక గీటు, వెనకొక గీటు పెడితే /18/11/2021/ అయింది. పద్ధెనిమిది తరువాత గీటు రాగానే కంప్యూటరు 'పోలిక అయిపోయింది' అనుకుంటుంది. మిగిలిన పదకొండునూ అనుబంధమనుకొని తిట్టిపోస్తుంది. అందుకని లోపలి గీట్లముందు వెనక్కు వాలిన గీటు ఒకటి చేర్చి, 'ఇది హద్దురాయి కాదు నాయనా, మామూలు రాయి' అని చెప్పాలి. అప్పుడు /18\/11\/2021/ అవుతుంది. చదవండి చూద్దాం! పెర్ల్ పండితులు ఈ అవస్థకు 'వాలిన పళ్ళపుల్లల జబ్బు' అని పేరే పెట్టారు. వెబ్ చిరునామాలో, ఫైలు దారిలో, మా సర్వే నెంబరులో ఈ జబ్బు తప్పదు.

మందు చాలా తేలిక. హద్దురాయి మార్చుకోవడమే. పి.హెచ్.పి. అనే భాషలో అక్షరం, అంకె, ఖాళీ, వెనకవాలుగీటు కానిది ఏ గుర్తయినా హద్దురాయిగా నాటుకోవచ్చు. #18/11/2021# అనవచ్చు. ~18/11/2021~ అనవచ్చు. కుండలీకరణాల జంటయినా సరే. పెర్ల్ కూడా ఇంతే ఉదారురాలు. జావాస్క్రిప్టు మాత్రం గీటుకే కట్టుబడిన ఛాందసురాలు. హద్దులతో రాసేటప్పుడు అక్కడ వాలుగీటు ఒక్కటే చెల్లుతుంది. పైథానులో హద్దురాళ్ళ ప్రసక్తే లేదు, పోలికను ఉత్త వాక్యంలా కొటేషన్లలో పెట్టి ఇస్తారు.

ఏ రాయి మంచిది? మా వాడిని అడిగితే "ఏదో ఒకటి మేడం, కంటికి బాగుంటే చాలు" అన్నాడు. నేనొప్పుకోను. నిలువుగీటునే హద్దురాయిగా నాటారనుకోండి. ఇక పోలిక లోపల 'లేదా' అనడానికి మీకు గుర్తుండదు. వెనకవాలుగీటు చేర్చి రాస్తే అది 'లేదా' కాక ఉత్త నిలువుగీటు అయిపోతుంది. చుక్కా, నక్షత్రమూ, ప్రశ్నార్థకమూ అంతే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం. మెలికగీత ఉన్నదే, ~, అది తెలుగు వ్రాతలో దాదాపుగా రాదు, రెజెక్స్‌లోనూ దానికి వేరే ఉద్యోగం లేదు. నిరుద్యోగిని కావలి పెట్టడం క్షేమం. నా ఓటు దానికే.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మా ఫైలునిండా వాలుగీట్లున్నాయి గదా, కాబట్టి వాలుగీటు హద్దురాయిగా పనికిరాదు అనుకుంటారు. కాదు. వెతికే చోట గీట్లు వేయి ఉండనివ్వండి, బెంగలేదు. పోలికలో గీటు ఉంటేనే చిక్కు. హద్దురాయి కాపలా కాసేది పోలికకు. వెతకబోయే ఊరికి కాదు.

ఇక అనుబంధాలు. పాణినీయం కాస్త తిరగేసినవారికి ఇవి కొత్తవి కావు. 'క్త' అనే ప్రత్యయం ఉన్నది. భూ ధాతువుమీద అది చేరితే 'భూత' అవుతుంది. అందులో కకారం ఏమయింది? అది 'ఇత్తు'. తయారైన మాటలో కనబడదు, వినబడదు. కాని అది ఉన్నందువల్లనే ధాతువుకు గుణం రాలేదు. అదే 'తవ్య' చేరితే కకారం లేదు కాబట్టి గుణం వచ్చి 'భవితవ్యం' అయింది. తాను మాటలో లేకుండా, మాట ఎలా తయారుకావాలో శాసించే అక్షరం! పోలిక వెనుక అంటించే అక్షరమూ సరిగ్గా ఇదే. వెతికే మాటలో అది లేదు, వెతకడాన్ని శాసిస్తుంది. అందుకే అనుబంధం అన్నాను. పాణిని సూత్రాలకూ కంప్యూటరు భాషల వ్యాకరణానికీ చుట్టరికం ఉన్నదని నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. బాకస్ పేరుతో ప్రసిద్ధమైన వ్యాకరణ రచనాపద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని 1967లోనే ఇంగర్మన్ అనే ఆయన కంప్యూటరు వారి పత్రికకు ఉత్తరం రాశాడు.

అనుబంధాలలో అందరూ మొదట నేర్చేది 'ఐ'. అది ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పాటించవద్దని చెబుతుంది. మన అక్షరాలలో పెద్దబడీ చిన్నబడీ లేవు. కాబట్టి తెలుగు వెతుకులాటలో ఐ అంటించడం మజ్జిగలో తాలింపు రెండోసారి వేయడం వంటిది. లాభం లేదు, నష్టమూ లేదు. కాని పాత డి.టి.పి. ఫాంట్లతో కూర్చిన పుస్తకాలున్నాయే, వాటి సంగతి వేరు. అక్కడ కాగితంమీద కనిపించేది తెలుగే అయినా లోపల దాగి ఉన్నవి ఇంగ్లీషు గుర్తులు. పెద్దబడి గుర్తు ఒక తెలుగు ముక్క, చిన్నబడి గుర్తు మరో తెలుగు ముక్క. అలాంటి ఫైలుమీద ఐ అంటించి మార్పులు చేశారో, రెండు వేర్వేరు అక్షరాలు ఒకటై ఊరుకుంటాయి. ర, ఱ తేడా పాటించవద్దు, అరసున్న లెక్కించవద్దు అని చెప్పే అనుబంధం ఒకటి ఉంటే నాకు ఎంత హాయి! ఎవరూ చేయలేదు. ప్రతిసారీ పోలికలోనే [రఱ] అని రాసుకోవలసి వస్తున్నది.

'ఎం' అనే అనుబంధం మా చీటీలకు ప్రాణం. ^ అనే గుర్తుకు 'మొదట' అని అర్థం. ఫైలంతా ఒకే వ్రాతగా పట్టుకుంటే మొదలు ఒక్కటే. మొట్టమొదటి చీటీ తల. ఎం చేరిస్తే ప్రతి పంక్తికీ తల ఉంటుంది. 'ఎక్స్' చేరిస్తే పోలికలో ఖాళీలు వదలవచ్చు, వ్యాఖ్యానం రాసుకోవచ్చు. ఒక్కొక్క చీటీని మూడుముక్కలు చేయడానికి మేము వాడింది ఇదిగో. చివర ఎమ్మూ, ఎక్సూ, యూ చేరుతాయి.

~
^ ([^/]+)         # తలపదం, మొదటి గీటుదాకా
/ ([^(]+)         # అర్థం
\( ([^)]+) \)     # ఊరు
~

టీకాతాత్పర్యాలతో సహా పద్యం అచ్చువేసినట్టు ఎంత ముచ్చటగా ఉన్నదో చూడండి. అయితే ఇక్కడ # అన్నది వ్యాఖ్యానానికి గుర్తు. దాన్నే హద్దురాయిగా పెట్టుకొని ఎక్స్ అంటించారా, మొదటి వ్యాఖ్యానం దగ్గరే పొలం అయిపోతుంది. రాయినీ అనుబంధాన్నీ విడివిడిగా ఎంచుకుంటే కుదరదు, జాతకాలు కలవాలి.

మన తెలుగుకు అన్నిటికంటె ముఖ్యమైనది చిన్నబడి 'యు'. దీని కథ కాస్త నిదానంగా చెప్పాలి. యూనికోడు 1991లో మొదటిసారి వెలువడినప్పుడే అందులో తెలుగు ఉన్నది. దాన్ని బైట్లుగా పొదివి దాచే యు.టి.ఎఫ్-8 పద్ధతిని 1992లో పన్నినవారు ఇద్దరు. ఒకరు రాబ్ పైక్. రెండోవారు, మీరు నమ్మరు గాని, ముందు చెప్పిన ఆ థాంప్సనే! ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటుంది. అందులోనూ మన అక్షరం ఒక్క సంకేతంతో పోదు. 'స్త్రీ' అని పలకడానికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: ఆరు సంకేతాలు, పద్ధెనిమిది బైట్లు. యు అంటించకుంటే చుక్క ఆ పద్ధెనిమిదిలో ఒకే ఒక్క బైటును కొరుకుతుంది. అంటిస్తే ఒక సంకేతాన్ని పట్టుకుంటుంది. మొత్తం స్త్రీని పట్టుకోవాలంటే ఒక్క చుక్క చాలదు.

ఇందాకటి వాఁ?డు సంగతి చూడండి. యు లేకుండా వెతికితే ప్రశ్నార్థకం అరసున్న మొత్తానికి కాక, దాని మూడు బైట్లలో చివరిదానికి మాత్రమే వర్తిస్తుంది. ఫలితం? వాఁడు దొరుకుతాడు, వాడు దొరకడు. తప్పు అని ఎవరూ అరవరు. జాబితా నిండుగానే కనిపిస్తుంది. 'ఈ గ్రంథంలో అరసున్న లేని రూపం లేదు' అని ఒక పరిశోధక విద్యార్థి సిద్ధాంతగ్రంథంలో రాసేయవచ్చు. పట్టమూ రావచ్చు!

యు ఉన్నా అన్ని భాషల పనిముట్లూ మన గుణింతాన్ని ఒకేలా గౌరవించవు. 'పదంలో రాదగిన అక్షరం' అని చెప్పే డబ్ల్యు గుర్తు ఒకటుంది. పైథానుతో మామూలుగా వచ్చే రెజెక్స్ పనిముట్టులో ఆ గుర్తుతో 'తిరుపతి'ని పట్టుకోమంటే త, ర, పత అని మూడు ముక్కలు చేతికిస్తుంది. గుడీ కొమ్మూ దాని లెక్కలో అక్షరాలు కావు. ఏడుకొండలవాడి ఊరికే ఈ గతి పడితే మా చిన్న ఊళ్ళ మాట చెప్పాలా? పెర్ల్ ఈ విషయంలో మర్యాదస్థురాలు, గుణింతాన్ని పదంలోనే కలుపుకుంటుంది.

ఇక మా ఫైలుకు జరిగినది.

టైపు చేసిన అమ్మాయి జాగ్రత్తపరురాలు. అనుమానం వచ్చినచోటల్లా కుండలీకరణాలలో 'టై.' అని మొదలుపెట్టి ఒక మాట రాసింది. ఉదాహరణకు:

మడక / నాగలి (టై. చీటీ నలిగింది) (పలమనేరు)

ఈ టై. వ్యాఖ్యలు తీసేయాలి. మా వాడు ~\(టై\..*\)~ అని పోలిక రాసి, దొరికినదల్లా తుడిచేయమన్నాడు. 'కుండలీకరణం, టై, చుక్క, తరువాత ఏమైనా ఎంతైనా, చివర కుండలీకరణం.' చదవడానికి నిక్షేపంగా ఉన్నది. కాని ఆ నక్షత్రం తిండిపోతు. మొదటి మూసే కుండలీకరణం దగ్గర ఆగదు. పంక్తిలో ఇంకొకటి ఉన్నదా అని చివరిదాకా పోయి అక్కడ ఆగుతుంది. కాబట్టి వ్యాఖ్యతోపాటు దాని వెనుకనున్న పలమనేరునూ మింగేసింది. వ్యాఖ్య లేని పంక్తులు క్షేమం. ఊరిపేరు ముందు రాసి వ్యాఖ్య చివర పెట్టిన పంక్తులూ క్షేమం. వ్యాఖ్య తరువాత ఊరు ఉన్నచోట మాత్రం ఊరు మాయం.

వాడు పది పంక్తులు చూశాడు, బాగానే ఉన్నాయి. భద్రపరిచాడు. తరువాత రెండు పంక్తులకు విస్తరించిన వ్యాఖ్యలు కొన్ని మిగిలాయని గమనించి, చుక్క పంక్తి దాటేందుకు 'ఎస్' అనే అనుబంధం అంటించాడు. అంటే తిండిపోతుకు తలుపు కూడా తీశాడన్నమాట. అది మొదటి వ్యాఖ్య దగ్గర నోరు తెరిచి, మొత్తం ఫైలులోని చిట్టచివరి కుండలీకరణం దగ్గర మూసింది. నడుమ ఉన్న చీటీలన్నీ హుళక్కి! "మేడం, అంతా పోయింది మేడం!" అని వాడు వేసిన కేకకు మావారు పేపరు వదిలి వచ్చారు. దాన్ని వెనక్కు తిప్పడం ఒక్క మీటతో అయింది. ఇల్లు మొత్తం దోచుకుపోతే తెల్లారేసరికి తెలుస్తుంది. డబ్బాలోంచి రోజుకో గుప్పెడు బియ్యం పోతే ఎన్నాళ్ళకు తెలియాలి? ముందటి వారం పోయిన ఊళ్ళ సంగతి మాకు నెలన్నర దాటాక, జాబితా అచ్చుతీసి చదువుతుంటే తెలిసింది. అప్పటికి పాతప్రతిమీదే కొత్తప్రతి పడిపోయింది. టైపింగు కేంద్రం మూతబడింది.

ఏం రాసి ఉండవలసింది? తిండిపోతు నక్షత్రం వెనుక ప్రశ్నార్థకం ఒకటి తగిలిస్తే అది మితాహారి అవుతుంది: ~\(టై\..*?\)~. మొదటి మూసే గుర్తు కనబడగానే ఆగిపోతుంది. పి.హెచ్.పి.లో పెద్దబడి 'యు' అనే అనుబంధం ఉన్నది. అది పోలికలోని తిండిపోతులందరినీ ఒక్కసారిగా ఉపవాసం పెడుతుంది. చిన్నబడి యు తెలుగు అక్షరాలను గుర్తించడానికి, పెద్దబడి యు ఆకలి తగ్గించడానికి. ఒకే అక్షరానికి బడి మారితే ఇంత తేడా! ఎవరు పెట్టారో గాని, ఇంతకంటె పొరపాటుకు అనువైన ఏర్పాటు నేను చూడలేదు. నాకు నచ్చినది మూడో పద్ధతి: ~\(టై\.[^)]*\)~. 'మూసే గుర్తు కానివి ఎన్నైనా' అని సూటిగా చెప్పడం. దీనికి పెద్ద యు అక్కరలేదు. పంక్తి దాటడానికి ఎస్ కూడా అక్కరలేదు, తనంతట తానే దాటుతుంది. అనుబంధంతో పోయేదాన్ని పోలికలోనే చెప్పగలిగితే చెప్పడమే మేలని నా అభిప్రాయం. చిన్న యు ఒక్కటి మాత్రం తెలుగుకు తప్పనిసరి.

దక్కిన కట్టల చీటీలు ముందేసుకొని పోయిన ఊళ్ళను ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కించాము. మా వాడు నాలుగు ఆదివారాలు బెంగుళూరు బస్సు దిగి తిన్నగా ట్రంకుపెట్టె దగ్గరికే వచ్చాడు. తడిసి పోయిన కట్టలతోనే చిక్కు. అక్కడ ఒక ఆధారం దొరికింది. టైపు చేయించినప్పుడు అకారాది క్రమంలో పెట్టలేదు. కట్టలు ఎలా ఉంటే అలాగే ఎక్కించారు. ఒక కట్ట అంటే ఒక ఊరి ప్రయాణం. కాబట్టి ఊరు పోయిన పంక్తికి ముందూ పలమనేరే, వెనుకా పలమనేరే అయితే నడుమది పలమనేరనే చెప్పవచ్చు. అలా చాలావరకు పూడ్చాము.

రెండు కట్టల సరిహద్దులో పడిన పంక్తులే తేలలేదు. వాటిలో ఒకటి కసువు. దానికి పైనున్న పంక్తి పుంగనూరుది, కిందనున్నది శ్రీకాళహస్తిది. అర్థం 'గడ్డి' అని ఉన్నది. చెప్పినావిడ నాకు గుర్తున్నది. దూడను కట్టేస్తూ, "కసువంటే కసువే గదమ్మా, ఆవు తినేది" అన్నది, నా ప్రశ్నకు నవ్వుతూ. ముఖం గుర్తున్నది, దూడ గుర్తున్నది, ఊరు గుర్తు లేదు. ఆ సెలవుల్లో రెండు వైపులా తిరిగాము. మా వాడు 'పుంగనూరే అయి ఉంటుంది మేడం, వేసేద్దాం' అన్నాడు. వద్దన్నాను. ఊరు ఉండవలసిన చోట కుండలీకరణాలలో (?) అని పెట్టించాను. అలాంటి పంక్తులన్నిటికీ అదే గుర్తు.

ఈ వేసవిలో రెండు వైపులా మళ్ళీ పోతున్నాము. పోయే ముందు ఆ పంక్తులన్నీ ఏరి కాగితంమీద అచ్చుతీయాలి. అక్కడ ప్రశ్నార్థకం ఉండవచ్చు మానవచ్చు అనే పాత ఉద్యోగంలోకి పోకుండా ముందొక వెనకవాలుగీటు పెట్టాలి. మా వాడికి ఫోనులో చెప్పాను, రాసుకున్నాడు: ~\(\?\)~, చివర చిన్నబడి యు.